ఐదో గుంపు

"కళ్ళు మూసుకునే ఉండాలమ్మా. గంట పడుతుంది, మధ్యలో ఇంకో రెండుసార్లు వేస్తాను" అని చుక్కలు వేసి నర్సు వెళ్ళిపోయింది. సూర్యావతి బుద్ధిగా కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బెంచీ మీద నిటారుగా కూర్చుంది. నాకెవరూ చుక్కలు వెయ్యలేదు, అయినా నేనూ మూసుకున్నాను. తెరిచి నేను చేసే ఘనకార్యం ఏముంది గనక. ఎదురుగా గోడకి అక్షరాల అట్ట వేలాడుతోంది, పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. ఇందాక దాని ముందు కూర్చోబెట్టి చదవమంటే నా భార్య కుడికంటితో రెండు వరుసలు చదివింది, ఆ కన్ను మూసి ఎడమకంటితో చదవమంటే, అట్ట ఏ గోడకుందండీ అని అడిగింది. అడిగి నవ్వింది కూడా. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. గంట. ఈ గంటలో కంటిపాపలు విచ్చుకుంటాయి, ఆ తర్వాత లోపల డాక్టరు మాణిక్యాలరావుగారు దీపం వేసి కంటి అడుగుదాకా చూస్తారు, చూసి అడుగుతారు, ఎన్నేళ్ళుగా షుగరు, ఏం మందు వాడుతున్నారు అని. మొదటిదానికి జవాబుంది. రెండోదానికి నేనే జవాబుదారీ. అయిదేళ్ళుగా నా భార్య ఏ డాక్టరూ రాయని మందు మింగుతోంది, ఇచ్చింది నేను, అది ఆమె కంటిని కాపాడదని రెండేళ్ళ కిందటే తెలిసినవాణ్ణీ నేనే. ఈ సంగతి తనకి తెలీదు. డాక్టరు నోట వినేలోగా నా నోట వినాలి, ఈ గంటలోనే వినాలి. పొద్దున్న అల్లవరంలో బస్సెక్కినప్పుడు అనుకున్నాను, అమలాపురం దిగేలోగా చెప్పేద్దామని. బస్సు దిగాం. రిక్షాలో చెబుదామనుకున్నాను. రిక్షా కూడా దిగాం.

బెంచీ కిర్రుమంది, పక్కన ఎవరో కూర్చున్నారు. ముమ్మిడివరం నుంచి వచ్చిందట, పేరు సూరమ్మట, శుక్లాలట. కళ్ళు మూసుకోమన్నారు గానీ నోళ్ళు మూసుకోమనలేదు కదా, ఇద్దరాడవాళ్ళూ మొదలెట్టారు. "నీకేం వచ్చిందమ్మా?" అందావిడ. "షుగరండి. కంట్లో మసి తాళ్ళు దిగుతున్నట్టుగా ఉంటందండి." "అయ్యో తల్లీ, మందు వాడటం లేదా?" "ఎందుకు వాడనండీ? ఒక్కపూట మానలేదండి. మా ఆయన మందుల కాలేజీలో చేస్తారండి, షుగరు మందు కనిపెట్టే చోటండి. ఆయనే తెచ్చి, ఆయనే కలిపి చేతికిస్తారండి." "అదృష్టవంతురాలివమ్మా. మా ఆయనైతే మంచినీళ్ళు కూడా నన్నే ఇమ్మంటాడు" అని సూరమ్మగారు నావైపు తిరిగారు కాబోలు, గొంతు దగ్గరగా వచ్చింది. "బాబూ, మా కోడలికీ ఇదే రోగం. ఓ పొట్లం మాకూ ఇప్పిద్దురూ, మీ పేరు చెప్పుకుంటాం." నేనేమన్నాను? చూద్దాంలెండి అన్నాను. చూద్దాంలెండి! పక్కనే పెళ్ళాం రెండు కళ్ళూ మూసుకుని కూర్చునుంటే, నోరు ఎలా వచ్చిందిరా వీరవెంకటరమణా నీకు ఆ మాట అనడానికి? కానీ చెప్పొద్దూ, ఆవిడ బాబూ అని బతిమాలుతుంటే ఎక్కడో లోపల కాస్త చల్లగా కూడా ఉంది. అదీ నా బుద్ధి. ఆ చల్లదనం కోసమే కదా ఇదంతా.

నేను డాక్టర్ని కాను, కాంపౌండర్ని కూడా కాను. ఎలుకలవాణ్ణి. తొంభయ్యారు తుపానులో నేను కౌలుకి చేస్తున్న కొబ్బరితోట ఒక్క రాత్రిలో పడుకుంది, మొవ్వులు విరిగిన చెట్లు చూస్తూ నాలుగు నెలలు అరుగు మీద కూర్చున్నాక, మందుల కాలేజీలో ఎలుకల గదికి మనిషి కావాలంటే వెళ్ళి చేరాను. ఊళ్ళో వేళాకోళాలకి కొదవేముంది. పెంచడానికా నీకు జీతం, చంపడానికా అని ఒకడు, వినాయకుడు నీమీద కేసు వేస్తాడ్రోయ్ అని ఇంకొకడు. ఎలుకలంటే మన ధాన్యపు కొట్లో ఎలుకలు కాదు, తెల్లటివి, ఎర్రటి కళ్ళవి, అరచేతిలో ఇమిడిపోయేవి. వాటికి ఊక మార్చాలి, నీళ్ళ బుడ్లు నింపాలి, తోక చివర సూదితో గుచ్చి రక్తపు బొట్టు తియ్యాలి. కామేశ్వరి మేడం అని, రాజోలు పిల్ల, పెద్ద చదువు చదువుతోంది, షుగరు రోగంలో కంటికి ముందుగా ఏమవుతుందో చూడాలని ఆవిడ పట్టుదల. ఎలుకలకి మామూలుగా షుగరు రాదు, తెప్పించాలి. ఒక సూదిమందు ఉంది, అది మంచుగడ్డల్లో పెట్టి కలిపిన వెంటనే పొడవాలి, పొడిచిన మొదటి రోజు నీళ్ళ బుడ్లో చక్కెర కలిపి పెట్టాలి, లేకపోతే చచ్చిపోతాయి. మూడో రోజుకి రోగం పట్టుకుంటుంది. పట్టుకుందో లేదో తెలుసుకోవడానికి నాకు రక్తపు బొట్టు అక్కర్లేదు, ఊక చూస్తే చాలు. పొద్దున్న పోసిన ఊక మధ్యాహ్నానికి తడిసి ముద్దవుతుంది, బుడ్డి అడుగంటుతుంది, ఎంత తిన్నా వీపు ఎముక తేలుతుంది. మేడం మిషను పెట్టి అంకె చెప్పేలోగా నేను గూడు చూసి చెప్పేసేవాణ్ణి, ఆవిడ నవ్వేది, నీకు మిషనెందుకు రమణా అని.

అందుకే సూర్యావతి రోగం కూడా డాక్టరు కంటే ముందు నేనే పట్టాను. లేసు అల్లుతూ కూర్చున్న మనిషి గంటకోసారి లేచి బిందె దగ్గరికి వెళ్ళడం, చెంబుడు నీళ్ళు గటగటా తాగడం, కాసేపటికి పెరట్లోకి పోవడం, జబ్బలు వదులైన జాకెట్టు. బుడ్డి ఖాళీ, ఊక తడి. ఒకరోజు కాలేజీ నుంచి మిషను జేబులో వేసుకొచ్చి తన వేలు గుచ్చాను. మూడువందల నలభై. "ఏంటండీ, నన్నూ ఎలుకని చేసేశారా?" అని నవ్వింది. సర్కారీ ఆసుపత్రిలో మాత్రలు రాశారు. వేసుకున్న పదోరోజు కాలవ రేవులో బట్టలు ఉతుకుతూ కళ్ళు తిరిగి పడిపోయింది, పక్కవాళ్ళు జుట్టు పట్టుకుని లాగకపోతే ఆ రోజే అయిపోయేది. తిండి తినకుండా మాత్ర వేసుకుంది, తప్పు మాత్రది కాదు, అది నాకు అప్పుడే తెలుసు, ఎలుకలక్కూడా అలాగే అయ్యేది. కానీ తను భయపడిపోయింది. "ఆ మాత్ర నాకొద్దండి బాబూ, చావనైనా చస్తాను గానీ" అని ఒట్టు పెట్టేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా గదిలో నాలుగో గుంపుకి షుగరు దిగుతోంది.

గుంపులంటే చెప్పాలి. మేడం గూళ్ళకి అట్టలు కట్టించింది. ఒకటో గుంపు రోగం లేనివి. రెండోది రోగం తెప్పించి మందివ్వకుండా వదిలేసినవి. మూడోదానికి ఇంగ్లీషు మాత్ర. నాలుగోదానికి రోగం తెప్పించిన రోజు నుంచీ ఒక ఆకు పొడి. ఆకు పేరు బయట చెప్పొద్దని నా చేత మాట తీసుకుంది, ఇప్పటికీ చెప్పను, ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకోనీ. ఐదో గుంపుకీ అదే పొడి, కాకపోతే రెండు నెలలు రోగాన్ని ముదరనిచ్చి ఆ తర్వాత మొదలెట్టాలి. నాలుగో గుంపు నా కళ్ళముందే తేరుకుంది. ఊక పొడిగా ఉంటోంది, బుడ్డి సగంలో ఆగుతోంది, వీపు మీద బొచ్చు నిగనిగలాడుతోంది. ఇంట్లోనేమో మాత్ర పేరెత్తితే వణికిపోయే పెళ్ళాం. ఇంకేం కావాలి? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా ఇంట్లో పనికొచ్చింది, అదే మా కొంప ముంచింది. ఒకరోజు మధ్యాహ్నం ఊక బస్తా మీద కూర్చుని లెక్క కట్టాను. ఎలుక ఇరవై అయిదు గ్రాములు, సూర్యావతి యాభై ఎనిమిది కేజీలు. అంటే నా భార్య రెండువేల మూడువందల ఇరవై ఎలుకలు. ఒక్కో ఎలుకకి అయిదు మిల్లీగ్రాముల పొడి. గుణిస్తే పదకొండు గ్రాముల చిల్లర, రోజుకి మూడు చెంచాలు. ఇంటర్లో లెక్కలు తప్పినవాణ్ణి, ఆ లెక్క మాత్రం తప్పలేదు. మేడం వడబోసి ఎండబెట్టాక సీసా గోడలకి అంటుకున్నది గీకి తెచ్చేవాణ్ణి, అది చాలక, ఆవిడ చేసే పద్ధతంతా చూసి నేర్చుకుని, కాలవగట్టున ఆకు కోసుకొచ్చి నీడన ఆరబెట్టి ఇంట్లోనే చెయ్యడం మొదలెట్టాను. ఆవిడ స్పిరిటులో నానబెట్టేది, నాకది లేక నీళ్ళలో మరిగించాను. అదీ ఇదీ ఒకటేననుకున్నాను.

షుగరు దిగింది కదా! అబద్ధం కాదు, దిగింది. కాలేజీ నుంచి నీలం మందు కొంచెం తెచ్చి, పరీక్ష గొట్టంలో పోసి, తన ఉచ్చ ఎనిమిది చుక్కలు వేసి కుంపటి మీద మరిగించేవాణ్ణి. రంగు మారకపోతే షుగరు లేనట్టు, ఆకుపచ్చ అయితే కాస్త ఉన్నట్టు, అక్కణ్ణించి పసుపు, నారింజ, బాగా ముదిరితే ఇటికెరంగు. మొదట్లో ఇటికెరంగు వచ్చేది. పొడి మొదలెట్టిన నెలన్నరకి ఆకుపచ్చ వచ్చింది. సూర్యావతి ఆ గొట్టం పట్టుకుని వీధిలోకి పరుగెత్తి ఎదురింటి భవానీదేవిగారికి చూపించింది, ఏం చూపిస్తున్నావే సిగ్గులేకుండా అని ఆవిడ ముక్కు మూసుకుంది. ఆ సాయంత్రం పులసకూరలా ఘుమఘుమలాడిపోయింది మా ఇల్లు, వండింది వట్టి ఆనపకాయే. నాకెప్పుడూ ఎవరూ అంత మర్యాద ఇవ్వలేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో తోట పడిపోయినవాణ్ణి, ఎలుకలవాణ్ణి, ఇంటరు తప్పినవాణ్ణి. పొడి పుణ్యమా అని ఉన్నపళంగా "మా ఆయన డాక్టర్లకే చెబుతారండి" అనిపించుకునే మనిషినైపోయాను. నేను కాదు కాదంటూనే ఆ మాట మళ్ళీ ఎప్పుడు అంటుందా అని చెవులు రిక్కించేవాణ్ణి.

"కళ్ళు తెరవండమ్మా, పైకి చూడండి" అని నర్సు మళ్ళీ వచ్చింది. రెండోసారి చుక్కలు. సూర్యావతి చుక్క పడగానే ఉలిక్కిపడి నా మోచెయ్యి పట్టుకుంది, వదల్లేదు. ఫినాయిలు వాసన, పైన ఫ్యాను టకటక, ఎవరో ముసలాయన దగ్గు. అరగంట అయిపోయింది కాబోలు. చెప్పు, ఇప్పుడు చెప్పు, చెయ్యి పట్టుకునే ఉంది కదా. సూర్యావతీ, ఆ పొడి... ఆ పొడి ఏమిటి? ఎక్కణ్ణించి మొదలెట్టను? రెండువేల ఒకటి జూన్లో మొదలెట్టనా? ఆ నెలలో మేడం, అవే గుంపులు మళ్ళీ కొత్త ఎలుకలతో పెట్టి పెంచాక, గుంపుకి పది చొప్పున ఎలుకల్ని ఈథరు జాడీలో పడుకోబెట్టించింది. కళ్ళు తీసింది నేనే. కంటి వెనక పొర ఒకటుంటుంది, ఉల్లిపొరలో సగం మందం ఉండదు, దాన్ని మేడం నీళ్ళలో ఆడించి ఆడించి విడదీసి, గాజుపలక మీద పరిచి రంగు వేసేది. ఒకరోజు నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూడమంది. సన్నసన్నటి రక్తనాళాలు, వాటి గోడలకి అక్కడక్కడా నల్లటి చుక్కలు. అవి కాపలా కణాలు రమణా, షుగరు ముందు వాటినే చంపుతుంది, ఎలుకకి ఆ సంగతి తెలీదు, దానికి అన్నీ చక్కగా కనబడుతూనే ఉంటాయి, మనకీ అంతే, కనబడటం లేదని డాక్టరు దగ్గరికి వచ్చేసరికి లోపల చెయ్యాల్సిందంతా చేసేసి ఉంటుంది అంది. చిన్నపిల్ల, నవ్వుతూ చెప్పింది, ఆవిడకేం తెలుసు వినేవాడి ఇంట్లో ఏముందో. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే కదండీ మేడం అన్నాను నేను, తెలివిగా. అవును రమణా, అచ్చం అదే అంది.

ఆ చుక్కల్ని లెక్కపెట్టే పని నాకే ఇచ్చింది, నా చూపు మంచిదని. పలకల మీద గుంపు నంబరు కనబడకుండా కాగితం అంటించేది. ఎందుకు మేడం అంటే, ఏ గుంపో ముందే తెలిస్తే మన కన్ను మనకి నచ్చినట్టు లెక్కపెడుతుంది రమణా, అందుకని అంది. పన్నెండు రోజులు లెక్కపెట్టాను. కాగితాలు ఊడదీసిన రోజు మధ్యాహ్నం నేనూ ఆవిడా బల్లకి చెరోపక్కా కూర్చున్నాం. నాలుగో గుంపు బాగానే ఉంది, చుక్కలు చాలామటుకు ఉన్నాయి. ఐదో గుంపు రెండో గుంపులాగే ఉంది. మందు ముట్టనివాటికీ వీటికీ తేడా లేదు. షుగరు దిగింది కానీ కంట్లో చెడటం ఆగలేదు, మొదటి రెండు నెలల్లో జరిగింది జరుగుతూనే పోయింది అంది మేడం, గబగబా రాసుకుంటోంది, ఆవిడ మొహం వెలిగిపోతోంది, కొత్త సంగతి దొరికింది కదా. నేను ఊడదీసిన కాగితాలు ఉండ చుట్టుకుంటూ కూర్చున్నాను. నా భార్య నాలుగో గుంపనుకున్నాను మూడేళ్ళూ. నేను వేలు గుచ్చిన రోజున మూడువందల నలభై ఉంది, అది నిన్నగాక మొన్న వచ్చింది కాదు, ఎన్నేళ్ళ నుంచి ముదురుతోందో దేవుడికెరుక. సూర్యావతి ఐదో గుంపు. పైగా మేడం పొడి వేరు, నేను డేగిశాలో కాచిన కషాయపు పొడి వేరు. మేడం, మరి ఐదో గుంపుకి ఏం చెయ్యాలండి అని అడిగాను. చేసేదేముంది, అవి అయిపోయాయిగా అంది. ఎలుకల సంగతి చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పెయ్యాలి కదా? అమలాపురం తీసుకొచ్చి కళ్ళు చూపించాలి కదా? అప్పుడు తీసుకొస్తే ఎంతో కొంత మిగిలేదేమో, లేజరుతో కాల్చి ఆపుతారని మేడమే అంది. ఇంటికెళ్ళాను. సూర్యావతి అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది, సూది ఆడుతూనే ఉంది, తలెత్తి నన్ను చూసి, "చొక్కా మూడో గుండీ తెగిపోయిందండీ" అంది. అంత దూరం నుంచి గుండీ కనబడింది! ఇంక నాకేం కావాలి? చక్కగా కనబడుతోంది, చూశావా, అనుకున్నాను. ఎలుకకీ కనబడుతుందని మేడం నోట విన్నవాణ్ణి. కాగితం అంటించని పలక లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాను నా పెళ్ళాన్ని. ఆదివారం చెబుదామనుకున్నాను. ఆదివారం వాళ్ళ అన్నయ్య కొండబాబు వచ్చాడు, అతని ముందు చెప్పడమేం బాగుంటుంది. చవితి వెళ్ళాక అనుకున్నాను. కార్తీకంలో ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరుడి ఎదట నిలబడి, స్వామీ నువ్వే చెప్పించు అని దణ్ణం పెట్టాను, పక్కనే తను కూడా ఏదో దణ్ణం పెట్టుకుంటోంది, ఏం కోరుకున్నావే అంటే మీ మందుకి పేరు రావాలనండి అంది. ఇంకేం చెబుతాను? పొడి మానిపిస్తే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెబితే మూడేళ్ళు నన్నేం చేశారండీ అని అడుగుతుంది. అడగదు, అదే కదా నా భయం, అడగదు, ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం చూడలేక ఇంకో చెంచా కలిపాను. ఇలా రెండేళ్ళు.

లేసు ఏజెంటు మొదటిసారి ముక్క వెనక్కి పంపింది నిరుడు శ్రావణంలో. కన్నాలు తప్పాయట. దారం మంచిది కాదండీ అంది సూర్యావతి. అవును, దారమే అన్నాను. రెండోసారీ పంపారు. తర్వాత పంపడమే మానేశారు, దారం ఇవ్వడమూ మానేశారు. మొన్న సంక్రాంతికి ముందు ఒక పొద్దున్న, ఎండ నిండా పడిన పెరట్లో కూర్చుని, ఎప్పట్లాగే గొట్టం మరిగించి తన చేతికిచ్చాను. ఇటికెరంగు. దిగడం ఎప్పుడో మానేసింది, నేనే పసుపుని ఆకుపచ్చ అంటూ నెట్టుకొస్తున్నాను, ఆ రోజు మాత్రం ఇటికెరంగు, కాల్చిన ఇటిక. గొట్టం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏం రంగండీ?" అంది. చేతిలో పట్టుకుని నన్నడుగుతోంది. "ఆకుపచ్చే" అన్నాను. కాసేపు అలాగే చూసి, "ఆయ్, ఆకుపచ్చేనండి" అంది. నిజంగా కనబడక నా మాట పట్టుకుని అందో, ఎర్రగా కనబడుతూనే నా మొహం చూసి అందో, ఇన్ని నెలలుగా ఆలోచిస్తున్నాను, తేలడం లేదు. అడగొచ్చు. అడిగే మొహమేది?

నాలుగు రోజుల కిందట ఎడమకంట్లో మసి తాళ్ళు దిగాయి. పొయ్యి పొగేమోనని కడుక్కుంది, పాలు పోసుకుంది. తాళ్ళు పోయి తెర పడింది. "ఏవండీ, ఈ కంట్లో చీకటడిపోయిందండీ" అని పొద్దుటిపూట కాఫీ గ్లాసు నా ముందు పెట్టబోయి గుమ్మం అవతల పెట్టింది. అప్పుడు తీసుకొచ్చాను. అంతా అయిపోయాక తీసుకొచ్చాను. "మూడోసారి వేస్తున్నానమ్మా, ఇంకో పావుగంటలో పిలుస్తారు" అంటోంది నర్సు. పావుగంట. సూరమ్మగారిని లోపలికి తీసుకెళ్ళారు, బెంచీ మీద మేమిద్దరమే. ఇంతకంటే మంచి సమయం రాదు. "సూర్యావతీ" అన్నాను. "ఊఁ" అంది. "మరేం లేదు, లోపల డాక్టరుగారు మందు గురించి అడిగితే..." అన్నాను. అంతవరకూ వచ్చింది. అక్కడ ఆగాను. తను నా చెయ్యి నొక్కింది. "భయపడకండి. మీ కాలేజీ సంగతి నేను చెప్పనులెండి. మీ ఉద్యోగానికి మాట వస్తుందని నాకు తెలవదా?" అంది. ఓరి భగవంతుడా. నేను తన కళ్ళ గురించి చెప్పబోతుంటే తను నా ఉద్యోగం కాపాడుతోంది. కాదు కాదు, అది కాదు, అని అరవాలనిపించింది. అరవలేదు. పైగా, నిజం చెప్పాలంటే, అవును కదా, ఉద్యోగానికి కూడా మాట వస్తుంది కదా అని అప్పుడే గుర్తొచ్చింది, గుర్తొచ్చి ఇంకాస్త నోరు మూతపడింది. కళ్ళు మూసుకునే కూర్చున్నాం ఇద్దరం, పిలుపు వచ్చేదాకా.

లోపల చీకటి గది. డాక్టరుగారు నుదుటికి దీపం కట్టుకున్నారు. సూర్యావతి గడ్డం ఎత్తి, పైకి చూడమ్మా, కిందికి, ఎడమకి, ముక్కువైపు, అంటూ చాలాసేపు చూశారు. ఆయన చూస్తున్నంతసేపూ ఆ పొర ఎలా ఉందో నాకు తెలుసు, ఆయన కంటే ముందే తెలుసు. దీపం ఆర్పి, గది లైటు వేసి, స్టూలు వెనక్కి జరుపుకున్నారు. "ఎడమకంట్లో రక్తం నిండిపోయిందమ్మా, వెనక పొర కూడా ఊడొచ్చేసింది, అది ఇంక రాదు. కుడికంటికి లేజరు పెడదాం. ఉన్నది ఆపడానికే, పోయింది తేవడానికి కాదు. అదైనా ఎంతకాలం ఆగుతుందో నేను మాటివ్వలేను." "లేసు అల్లుకోవచ్చాండీ?" అంది సూర్యావతి. "ఇంకా లేసేంటమ్మా" అన్నారాయన, కసిరినట్టు కాదు, అలసిపోయినట్టు. చీటీ తీసుకుని రాస్తూ అడిగారు. "ఎన్నేళ్ళయింది షుగరు?" "అయిదేళ్ళండి." "ఏం మందు వాడుతున్నారు?"

సూర్యావతి మొహం నావైపు తిప్పింది, విచ్చుకున్న ఆ పెద్ద నల్లటి పాపలతో, సరిగ్గా నేనున్న చోటుకి కాదు, కొంచెం పక్కకి. చెప్పనన్నది, చెప్పలేదు. నన్నే చెప్పమని వదిలేసింది. డాక్టరు కలం ఆపి నన్ను చూశారు. ఎలుకలు, గుంపులు, చెంచాలు, ఇటికెరంగు, అన్నీ ఒక్కసారిగా నాలుక చివరికి వచ్చాయి. "మాత్రలు రాసేరండి సర్కారాసుపత్రిలో," అన్నాను, "వేసుకోదండి. ఏవో ఆకుపసర్లు మింగుతుందండి. ఎన్నిసార్లు చెప్పినా వినదండి."

అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆ తర్వాత డాక్టరుగారు అందుకున్నారు. "ఏమ్మా, చూస్తే తెలివైనదానిలా ఉన్నావు, ఇదేం మూర్ఖత్వం? మీ ఆయన మందుల కాలేజీలో పనిచేస్తున్నానని చీటీలో రాయించాడు, అలాంటివాడు ఇంట్లో పెట్టుకుని, చెబుతుంటే వినకుండా పసర్లా? చేజేతులా కళ్ళు పోగొట్టుకున్నావు కదమ్మా!" ఆయన ఇంకా ఏవేవో అన్నారు. నేను నేల చూస్తున్నాను. సూర్యావతి తల కాస్త వంచి, చివరిదాకా విని, ఆయన ఆగాక, "ఆయ్. తప్పు నాదేనండి" అంది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని స్టూలు మీంచి లేచి నిలబడింది.

నేను చెయ్యి చాచాను. తను గోడ తడుముకుంటూ, గుమ్మం ఎక్కడుందో వెతుక్కుంటూ, నా చేతిని దాటుకుని వెళ్ళింది. చుక్కలు వేశారు కదా, కనబడి ఉండదు. అప్పుడూ అలాగే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.